పండగ కర్రని ముట్టడి అన్నదెవరు?

తెలుగులో టీవీ వార్తలు మొదలైన రోజుల గురించి ఈమధ్య చాలామంది రాస్తున్నారు. స్టూడియోలో లైట్లు ఎంత వేడిగా ఉండేవో, మొదటి బులెటిన్ చదివినప్పుడు గొంతు ఎలా వణికిందో, ఏ ముఖ్యమంత్రి ఎవరి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాడో రాస్తున్నారు. దొరికినవన్నీ చదివాను. వాటిలో కొండలు లేవు. కొండల నుంచి క్యాసెట్ పంపినవాడు లేడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఛానెల్ వార్షికోత్సవం చేసుకుంటే పిలవలేదు. విశాఖలో పాత విలేకరులందరికీ శాలువాలు కప్పినప్పుడు నాకు ఫోన్ వచ్చింది. శాలువా కప్పాల్సిన ఇంకొకాయన నంబరు నా దగ్గర ఉందేమో కనుక్కుందామని చేశారు. ఇచ్చాను. ఆ ఫోన్ చేసిన గొంతు ఇప్పటికీ గుర్తుపడతాను.

నేను అరకులో పని చేశాను. తొంభైల మధ్యలో ఒక పేపరుకి వార్తలు రాయడంతో మొదలుపెట్టి, తరవాత ఛానెల్‌కి మారాను. మంత్రి కొండెక్కినా, ఎన్నికలొచ్చినా, ఎన్నికలు బహిష్కరించమని అన్నలు కరపత్రం వదిలినా, పోలీసులు అడవిలోంచి శవాన్ని కావిడి కట్టి మోసుకొచ్చినా, కెమెరాతో అక్కడ ఉండాల్సింది నేనే. ఇదే పని హైదరాబాద్‌లో చేస్తే రాజకీయ విలేకరి అంటారు. నన్ను కంట్రిబ్యూటర్ అనేవాళ్లు. అంటే పని ఉంటుంది, ఉద్యోగం ఉండదు.

నన్ను తీసుకున్నది కూడా నా రాత చూసి కాదు. మా నాన్న రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగుకి మేస్త్రీ. టైడా స్టేషన్ పక్క క్వార్టర్లో పెరిగాను. తెల్లారేసరికి మంచు వంటింట్లోకి వచ్చి కూర్చునేది. సొరంగంలో ఉన్న బండి కూత విని అది ఇనుప రాయి మోసే గూడ్సో, మనుషులు ఎక్కే పాసింజరో చెప్పగలిగేవాణ్ణి. ఆ లైన్లో గార్డులందరికీ నాన్న తెలుసు. విశాఖ బ్యూరో ఇన్‌చార్జి నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "పాసింజర్ గార్డులు నీకు తెలుసంటగా తమ్ముడూ?" అని. తెలుసన్నాను. అప్పటికి నాలుగేళ్లుగా నేను రాసి, కత్తిరించి దాచి పట్టుకెళ్లిన పేపరు ముక్కలు ఒళ్లోనే ఉండిపోయాయి. ఆయన వాటివైపు చూడలేదు.

పని పద్ధతి ఇలా ఉండేది. మధ్యాహ్నం దాటాక పాసింజరు కొండ మీదనుంచి విశాఖకి దిగుతుంది. అది వచ్చేలోపల తీయాల్సింది తీసి, క్యాసెట్‌ని కవర్లో చుట్టి గార్డు చేతికి ఇవ్వాలి. విశాఖ ప్లాట్‌ఫారం మీద మా ఆఫీసు మనిషి దాన్ని అందుకుంటాడు. అక్కణ్ణుంచి బొమ్మలు హైదరాబాద్ చేరతాయి. బండి వెళ్లిపోయాక నేను ఎస్టీడీ బూత్‌కి వెళ్లి, ఏం జరిగిందో హైదరాబాద్ డెస్క్‌కి ఫోన్లో చెప్పాలి. డెస్క్‌లో ఒకరు రాసుకుంటారు. నేను బొమ్మ ఒక దారిలోను, మాట ఇంకో దారిలోను పంపేవాణ్ణి. రెంటినీ కలిపేది నేనెప్పుడూ చూడని మనుషులు.

క్యాసెట్లు తిరిగొచ్చేవి. కొత్తది ఒక్కటి కూడా నాకు ఇవ్వలేదు. వాడినవాటినే మళ్లీ గార్డు చేతే వెనక్కి పంపేవాళ్లు. నేను వాటి మీదే మళ్లీ తీయాలి. విశాఖలో క్రికెట్టు మ్యాచో, ఎవరిదో విగ్రహావిష్కరణో అడుగున ఉండేది. దాని మీద మా సంతలు, మా శవాలు ఎక్కేవి.

హైదరాబాద్ డెస్క్‌లో ఎవరికీ నా పేరు అక్కర్లేదు. ఊరి పేరుతో పిలిచేవాళ్లు. "అరకు, చెప్పు." "ఆగు అరకు, చింతూరు లైన్లో ఉన్నాడు." రాజవొమ్మంగి నిన్న ఏమీ పంపలేదనీ, చింతూరు పెళ్లి చేసుకుంటున్నాడనీ అనుకునేవాళ్లు. చింతూరులో పని చేసినాయన నాకు తరవాత ఒక మీటింగులో కలిశాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకుని విడిపోయాక గుర్తొచ్చింది, ఒకరి పేరు ఒకరం అడగలేదని.

తెర మీద నా పేరు వెయ్యమని అడిగాను. చాలాసార్లు అడిగాను. డెస్క్ చీఫ్ అనే ఆయన ఒకసారి ఫోన్లోకి వచ్చి, పేరు చూసి వార్త ఎవరు చూస్తారయ్యా అన్నాడు. ఆయన పేరు మాత్రం వారానికోసారి ఆయన చేసే చర్చ కార్యక్రమం ముందు, వెనక, మధ్యలో కనిపించేది.

ఎన్నికలప్పుడు హైదరాబాద్ నుంచి పెద్ద రిపోర్టరు కారులో వచ్చాడు. ఊళ్లకి నేను తీసుకెళ్లాను. ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడితే ఆ మనిషికి తరవాత ప్రమాదమో నేను చెప్పాను. ఆయన కాఫీ తోటలో మిరియాల తీగ పక్కన నిలబడి, ఏజెన్సీ గుండె చప్పుడు వింటున్నానని కెమెరాకి చెప్పాడు. ఆయన మొహం మీదకి వెలుతురు కొట్టడానికి తెల్ల థర్మాకోల్ అట్ట పట్టుకుని నేను ఎండలో నిలబడ్డాను. ఆ కార్యక్రమం వచ్చినప్పుడు తెర అంచున ఒక చొక్కా చెయ్యి కనిపించింది. అమ్మ చూసి, "ఆ సెయ్యి నీదే కదరా" అంది సంతోషంగా. అవునన్నాను. ఆమె మర్నాడు పక్క క్వార్టర్లో వాళ్లకి కూడా చెప్పింది.

ఇవన్నీ నా ఒక్కడికి జరిగినవి. వీటి కోసమే అయితే ఇది రాయకపోదును.

ఇటుకల పండగ సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. చైత్రంలో వస్తుంది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకి అడవిలోకి పోతారు. ఆడవాళ్లు ఊరి దగ్గర రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని నిలబడతారు. బస్సు రానీ, లారీ రానీ, ఆఫీసరు జీపు రానీ, ఆగాల్సిందే. వాళ్లు పాడతారు, ఆడతారు, చేట చాపుతారు. తోచింది వేస్తే కర్ర లేస్తుంది. బస్సు డ్రైవర్లు ఆ నాలుగు రోజులూ పై జేబులో చిల్లర పెట్టుకుని వస్తారు. పోలీసు జీపు కూడా ఆగుతుంది. వేట దొరక్కుండా తిరిగొచ్చిన మగవాళ్లని ఆ ఆడవాళ్లు అనే మాటలు ఇక్కడ రాయలేను. పండగ అయితేగాని కొత్త మామిడికాయ కొరకరు. కొండ మీద ఉన్నవాళ్లెవరూ ఆ కర్రని చూసి కోప్పడరు.

అనంతగిరి దారిలో కాఫీ తోటల కింద ఒక ఊరుంది. ఆ ఊళ్లో కర్ర కొస ఎప్పుడూ ఒకామె పట్టుకునేది. మొగుడు జ్వరంతో పోయాడు. ఒక్కతే కూతురు, ఆశ్రమ పాఠశాలలో చదువుకునేది. ఆమె మిరియాలూ అడ్డాకులూ సంతకి తెచ్చేది. ఆమె నోటికి షావుకార్లు భయపడేవాళ్లు. ప్రతి పండక్కీ నా స్కూటరు ఆపేది. "ఏటి కెమెరా బాబూ, ఊరికే ఎలిపోతన్నావు? టీవీ సొమ్ములన్నీ దాసుకుంతన్నావా?" అనేది. నేను ఎంత వేసినా చేటలోకి తొంగి చూసి, పెదవి విరిచి, కర్ర ఎత్తేది. మమ్మల్ని టీవీలో ఎప్పుడు చూపిస్తావని అడిగేది. చూపిస్తాలే అనేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక పండక్కి, ఒక మంత్రి అరకులో ఏదో భవనానికి శంకుస్థాపన చేసి కిందకి దిగుతున్నాడు. కార్ల వరస మలుపు తిరిగే బొమ్మ కోసం నేను ముందుగా బయల్దేరి ఆ ఊరి దగ్గర కెమెరా పెట్టుకున్నాను. ఆమె అక్కడే ఉంది, కర్ర కొస పట్టుకుని. కార్లు వచ్చాయి. ముందున్న జీపు ఆగింది. దాంట్లోంచి ఒక ఇన్‌స్పెక్టరు దిగి అరవడం మొదలుపెట్టాడు. మైదానం నుంచి కొత్తగా వచ్చినవాడు. లోకల్ కానిస్టేబుల్ ఒకతను వెనక నుంచి వచ్చి, పండగ సార్, పండగ, అని చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఈలోగా మంత్రి దిగాడు. కెమెరాని చూశాడు. రాజకీయాల్లో పండినవాడు, ఏం చెయ్యాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నవ్వుతూ వచ్చి చేటలో నోటు వేశాడు. ఆడవాళ్లు నడుముల వెనక చేతులు కలిపి థింసా ఆటలో ఉన్నారు. ఆయన వెళ్లి వరసలో దూరాడు. అడుగు తప్పుతుంటే పక్కనున్న ముసలామె ఆయన మోకాలి మీద తట్టింది. అందరూ నవ్వారు. అప్పుడు కర్ర కొస పట్టుకున్నామె అడిగింది.

"బాబూ, మా ఊరికి నీళ్ల గొట్టం ఏత్తామన్నారు. ఎప్పుడేత్తారు?"

"వానలకి ముందే వేయిస్తానమ్మా."

"మాట తప్పితే ఒచ్చే యేడు నీ కారు కదలనివ్వం. ఇప్పుడే సెప్తన్నాను."

మంత్రి అందరికంటే గట్టిగా నవ్వాడు. కర్ర లేచింది. కార్లు వెళ్లిపోయాయి. ఇన్‌స్పెక్టరు అరుపు దగ్గర్నుంచి చివరి కారు చక్రం దాకా మొత్తం నా క్యాసెట్‌లో ఉంది, మాటలతో సహా.

పాసింజరు టైముకి అందుకుని గార్డుకి ఇచ్చాను. బూత్‌కి వెళ్లాను. లైను బాగోలేదు. డెస్క్‌లో ఫోన్ ఎత్తినతను కొత్త గొంతు. పండగ అని చెప్పాను. ఏటా చేస్తారని చెప్పాను. మంత్రి ఆడాడని, నీళ్ల గొట్టం వేయిస్తానని మాటిచ్చాడని, అదే వార్త అని చెప్పాను. అతను ఏ పండగ అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే అరిచి చెప్పాను. బూత్ నడిపేది విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ముసలాయన. బిల్లు చింపిస్తూ, "ఎందుకు బాబూ అంతలా అరుత్తన్నావు, ఫోను లేకపోయినా హైదరాబాదు ఇనపడిపోద్ది" అన్నాడు. ఆ పెద్దమనిషి పోయేదాకా, నేను ఆ రోజు ఏ మాట చెప్పానో ఎవరు అడిగినా చెప్పేవాడు. అడిగినవాళ్లు లేరు.

రాత్రి బజార్లో టీ కొట్టు దగ్గర బులెటిన్ కోసం నిలబడ్డాను. బొమ్మ రాగానే ముందు నాకు కనిపించింది నా పేరు. తెర కింద, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా. ఇన్నేళ్లలో మొదటిసారి. దాని పైన ఎర్ర పట్టీలో పెద్దక్షరాలు ఉన్నాయి. మంత్రి కాన్వాయ్‌ని ముట్టడించిన గిరిజన మహిళలు.

పాట లేదు. ఆట లేదు. నవ్వులు లేవు. అడ్డంగా వెదురు కర్ర, ఇన్‌స్పెక్టరు అరుపు, ఆ తరవాత ఆమె మొహం దగ్గరగా. "నీ కారు కదలనివ్వం." అక్కడ కోసేశారు. మళ్లీ కర్ర. మళ్లీ ఆమె. దీని వెనక అడవిలో ఉన్నవాళ్ల హస్తం ఉందా అని వార్తలు చదివే ఆమె అడిగింది. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లందరూ తలలు తిప్పి నన్ను చూశారు. వాళ్లలో చాలామంది ఆ వారం అదే కర్ర దగ్గర చిల్లర వేసి వచ్చినవాళ్లు.

వెంటనే ఫోన్ చేశాను. డెస్క్ చీఫే ఎత్తాడు. మంచి హుషారుగా ఉన్నాడు. "అరకు, అదిరిపోయింది. పేరు కూడా వేశాం, చూశావా?" అన్నాడు.

"సార్, అది పండగ. ఆ మాట నేను చెప్పాను."

"కాన్వాయ్ ఆగిందా లేదా?"

"ఆగింది."

"ఇంకేం మరి."

ఫోన్ పెట్టేశాడు. మర్నాడంతా గంట గంటకీ అదే వేశారు. సాయంత్రానికి మంత్రి మాట్లాడాడు. ఆడి, నవ్వి, మాటిచ్చిన ఆ మంత్రే, గిరిజనుల కోసం ప్రాణాలకి తెగించి కొండల్లో తిరుగుతున్నానని, ఇలాంటి బెదిరింపులకి వెనక్కి తగ్గనని చెప్పాడు. ఆయనకి మా డెస్క్ చేసిన వార్త నేను పంపిన వార్త కంటే పనికొచ్చింది. ఆయన అలా అన్నాక పోలీసులు ఊరుకోవడానికి వీల్లేకపోయింది.

ఊళ్లో మిగతా ఆడవాళ్లు జీపు చప్పుడు విని కొండ దాటి ఒడిశా వైపు చుట్టాల ఇళ్లకి వెళ్లిపోయారు. ఆమె వెళ్లలేదు. నీళ్ల గొట్టం కోసం కొలతలు తీసుకోవడానికి వచ్చారనుకుంది. బావి ఎటు ఉందో చూపించడానికి ఎదురెళ్లింది.

ఆమెని పట్టుకెళ్లారని తెలిసి నేను పోలీసు స్టేషన్‌కి వెళ్లాను. అక్కడ కేసులు రాసే రైటరు నాకు తెలిసినవాడే. అది పండగ కాదా, మీ జీపుని కూడా మొన్న ఆపారు కదా అని అడిగాను. అతను కళ్లెత్తలేదు. "మా కాయితంలో రాసింది నువ్వేసిన వార్తేనయ్యా. నీ పేరుతోనే వచ్చింది కదా" అన్నాడు. ఆమెని కాసేపు చూడనిచ్చారు. గోడ వారగా కూర్చుని ఉంది. చెప్పులు లేవు. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

"బాబూ, నువ్వక్కడే ఉన్నావు కదా. పండగని ముట్టడని ఎవులు సెప్పారు?"

నేను కాదన్నాను.

"నువ్వు కాదని నాకెరికే. ఎవులని అడుగుతన్నాను."

కనుక్కుని చెప్తానన్నాను. ఆ మాట ఇచ్చి బయటికి వచ్చాను.

వకీలుని నేనే పెట్టాను. ఆయన విని, ఆ క్యాసెట్ మొత్తం, ధ్వనితో సహా తెస్తే చాలు, కేసు మొదటి రోజే తేలిపోతుందన్నాడు. మంత్రి ఆడుతున్నట్టు జడ్జి చూస్తే ఇంక వాదించేదేముంది అన్నాడు. బ్యూరోని అడిగాను. హైదరాబాద్ పంపేశామన్నారు. హైదరాబాద్‌ని అడిగాను. మేము వాడుకుని బ్యూరోకి ఇచ్చేశామన్నారు. బ్యూరో ఇన్‌చార్జి, తమ్ముడూ నీకెందుకీ గొడవ, వార్త బాగా పోయింది కదా అన్నాడు. ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. హైదరాబాద్ వెళ్లాను. రిసెప్షన్‌లో పొద్దుట్నుంచి కూర్చోబెట్టారు. ఎదురుగా టీవీలో మా ఛానెలే నడుస్తోంది. మధ్యాహ్నం డెస్క్ చీఫ్ నలుగురితో భోజనానికి బయటికి వస్తూ నన్ను చూసి ఎవరన్నట్టు ఆగాడు. "అరకు" అన్నాను, నా నోటితో నేనే. "ఓ, అరకా? కాఫీ పొడి తెచ్చావా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. క్యాసెట్ కోసం వచ్చానన్నాను. చూద్దాం అంటూ మెట్లు దిగిపోయాడు. సాయంత్రం దాకా ఉన్నాను. మళ్లీ ఆ దారిన రాలేదు.

వానలు మొదలయ్యాయి. ఆమె ఇంకా జైల్లోనే ఉంది. కొండ మీద ఆమె పోడు చేలో ఆ ఏడు సామలు, చోళ్ల విత్తనం పడలేదు. ఒకరోజు గార్డు, విశాఖ నుంచి వచ్చిన పాత క్యాసెట్ల కట్ట ఇచ్చాడు. విప్పితే ఒక దాని మీద నా చేతిరాత ఉంది. ఇటుకల పండగ, మంత్రి. స్టేషన్ బెంచీ మీదే కూర్చుని కెమెరాలో పెట్టి చూశాను. ఏదో సినిమా పాటల విడుదల సభ. హీరో వచ్చాడు, దండ వేశారు, కేకలు, ఈలలు. తిప్పుకుంటూ పోయాను. సభ అయిపోయాక, చిట్టచివర, తుడవకుండా మిగిలిన ముక్క కొద్దిగా కనిపించింది. వెదురు కర్ర పైకి లేస్తోంది. దాని కిందనుంచి తెల్ల కారు చక్రం పోతోంది. పాట వినపడుతోంది. మనిషి కనపడకుండా ఆమె గొంతు మాత్రం వినపడుతోంది. "ఎల్లు బాబూ, మల్లీ యేడు రా."

అంతే మిగిలింది. అదే పట్టుకెళ్లి వకీలుకి ఇచ్చాను. కోర్టులో అవతలివాళ్లు, ఇది ఏ కారు, ఏ సంవత్సరం, ఎవరి గొంతు అని అడిగారు. చక్రం చూసి మంత్రిదని ఎవరు చెప్పగలరు. నేను సాక్ష్యం చెప్తానన్నాను. చెప్పాను. ముట్టడి అని నా పేరుతో వచ్చిన వార్తని మళ్లీ నాకే చూపించి, అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెప్తున్నారా అని అడిగారు. కోర్టు హాల్లో ఆ రోజు కూడా కొందరు నవ్వారు.

ఆ సాక్ష్యం తరవాత ఛానెల్ నన్ను తీసేసింది. తీసేశామని కూడా చెప్పలేదు. డెస్క్‌కి ఫోన్ చేస్తే, "అరకు ఇందాకే మాట్లాడాడే" అన్నారు. అరకు అంటే ఇంకొకడు అయిపోయాడు. మైకుకి తగిలించే లోగో ఇచ్చెయ్యమని గార్డు చేత కబురు పంపారు. ఆ అట్టముక్క ఉంటేనే ఇటు పోలీసులు, అటు అడవిలో వాళ్లు నన్ను మనిషిగా గుర్తించేవాళ్లు. ఇచ్చేశాను.

వానలు వెనకబట్టాక ఆమెకి బెయిల్ దొరికింది. బయటికొచ్చేసరికి దగ్గు పట్టుకుంది. కూతురు అప్పటికే బడి మానేసింది. ఇంట్లో మేకల్ని చూసేవాళ్లు లేక వచ్చేసింది, తిరిగి వెళ్లలేదు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. వాయిదా ఉన్నప్పుడల్లా ఆమె ముందురోజే కొండ దిగి రావాలి. ఆమె ఎక్కిన పాసింజరే నేను టైడాలో ఎక్కేవాణ్ణి. సొరంగాలు వచ్చినప్పుడు ఆమె కళ్లు మూసుకుని కొంగుతో నోరు నొక్కుకునేది, దగ్గు ఆ దుమ్ములో ఎక్కువయ్యేది. వెలుతురులోకి వచ్చాక అడిగేది.

"తెలిసిందా బాబూ?"

"ఇంకా లేదు."

"బేగి కనుక్కో."

కొన్నాళ్లు అలా అడిగింది. తరవాత తరవాత అడగడం మానేసింది. కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ఆమె అడుగుతున్నప్పుడు నాకు ఏదో ఒకటి చెప్పడానికి ఉండేది, మళ్లీ రాశాననో, మళ్లీ ఫోన్ చేశాననో. అడగడం మానేశాక విశాఖ దాకా స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాణ్ణి.

ఆ ఊళ్లో ఆ తరవాత పండక్కి ఎవరూ కర్ర పట్టుకోలేదు. పై ఊళ్లలో పట్టుకుంటారు, కింది ఊళ్లలో పట్టుకుంటారు. ఈ ఊరి దగ్గరికి వచ్చేసరికి బస్సు డ్రైవర్లు అలవాటుకొద్దీ వేగం తగ్గిస్తారు, ఎవరూ లేకపోతే పోనిచ్చేస్తారు. నీళ్ల గొట్టం ఆ వానలకి ముందు రాలేదు. ఆ మంత్రి మళ్లీ గెలిచాడు.

తీర్పు రాకముందే ఆమె చనిపోయింది. ముద్దాయి లేదు గనక కేసు మూసేశారు. నిర్దోషి అని ఎక్కడా రాయలేదు. ఆమె గురించి ప్రపంచంలో మిగిలిన మాట ఏదైనా ఉంటే అది ఆ ఎర్ర పట్టీయే, దాని కింద నా పేరు. పాతిపెట్టడానికి నేను వెళ్లాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. అంతా అయ్యాక కూతురు దగ్గరికి వచ్చింది. పెద్దదయింది, తల్లి గొంతే.

"అమ్మ అడిగినదానికి జవాబు దొరికిందా బాబూ?" అంది.

లేదన్నాను. దొరికితే వచ్చి చెప్పు, ఇల్లు ఇదే, అంది. ఆ పిల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. సంతకి అడ్డాకులు తెస్తుంది. నేను కనిపిస్తే మాటాడదు. ఒకసారి మొహంలోకి చూసి, లేదని అర్థం చేసుకుని, మళ్లీ ఆకుల కట్టలు సర్దుకుంటుంది.

అప్పటి డెస్క్ చీఫ్ గారు ఇప్పుడు కాలేజీల్లో విలేకరి విలువల గురించి ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఈమధ్య ఆయన రాసిన జ్ఞాపకాల్లో, మారుమూల నుంచి నిజాన్ని తెచ్చిన రోజులవి అని ఒక వాక్యం ఉంది. ఆ మారుమూల నేనే. కాబట్టి ఇది ఆయనకే రాస్తున్నాను. ఆ రోజు ఫోన్ ఎత్తిన కొత్త గొంతు కుర్రాడికి, పట్టీలో అక్షరాలు కొట్టినాయనకి, పాట కోసి కర్ర ఉంచిన ఎడిటరుకి కూడా. మీరంతా ఎక్కడో ఉన్నారు, కొందరు పెద్ద పదవుల్లో ఉన్నారు. నన్ను మర్చిపోయినందుకు, థర్మాకోల్ అట్ట పట్టించినందుకు, కాఫీ పొడి అడిగినందుకు జవాబు అక్కర్లేదు. అవి నా దగ్గరే ఉంటాయి, మీరు చెప్పినా పోవు.

పండగ అని నేను చెప్పాను. మీలో ఎవరో దాన్ని కొట్టేసి ముట్టడి అని రాశారు. ఎవరు రాశారు? పాట వినకుండానే రాశారా, విన్నాక రాశారా? నేను టైడాలో స్టేషన్ ఎదురుగానే ఉంటాను, అందరికీ తెలుసు. వచ్చి చెప్పండి, లేదా ఫోన్ చేసి చెప్పండి. అక్కణ్ణుంచి ఆ పిల్ల ఇంటికి నేను నడిచి వెళ్లి చెప్తాను. ఈసారి నన్ను అరకు అని పిలిచినా ఫర్వాలేదు. జవాబు చెప్పండి.